మూత లేని యంత్రం

పదకొండవ శతాబ్దిలో ధారానగరాన్ని ఏలిన భోజమహారాజు పేర ప్రసిద్ధమైన 'సమరాంగణ సూత్రధార'మనే వాస్తుగ్రంథంలో యంత్రవిధానానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. కొయ్యపక్షులు, ద్వారపాలన చేసే దారుప్రతిమలు, నలుదిక్కులా నీరు చిమ్మే ధారాగృహాలు అందులో వరుసగా కనిపిస్తాయి. అయితే వాటిని ఏ విధంగా కూర్చాలో గ్రంథకర్త చెప్పడు. చెప్పకపోవడానికి గల కారణాన్ని మాత్రం దాచడు. అది తెలియనితనం కాదట, గోప్యత కోసమట. మర్మం బయటపడిన యంత్రం ఫలమివ్వదట. బీజాలను మాత్రం సూచించి, కూర్పును వంశక్రమాగతమైన నేర్పు, గురూపదేశం, శాస్త్రాభ్యాసం గలవారికి వదిలివేశాడు. విద్యను గుప్పిటలో ఉంచుకొనడం ఒక ధర్మంగా, కనీసం ఒక మర్యాదగా చెల్లిన కాలమది.

వేయి సంవత్సరాలు కావస్తున్న ఈనాడు, అనేక దేశాలలో కొందరు ఔత్సాహికులు తమ ఇళ్లలో దీనికి సరిగ్గా ఎదురుగా ఉన్న పని చేస్తున్నారు. కంప్యూటరును దాని రేకుపెట్టెలో నుంచి బయటకు తీసి, భాగాలన్నింటినీ ఒక చెక్క మీదనో లోహపు చట్రం మీదనో కంటికి కనబడేటట్లు అమర్చి, దాని వేడిని తగ్గించడానికి గొట్టాల గుండా నీటిని పారిస్తున్నారు. దీనిని వారు టెస్ట్ బెంచ్ అంటారు; పరీక్షాపీఠమంటే తెలుగులో సరిపోతుంది. పైపైన చూస్తే ఇది వినోదం కోసం చేసే పని. అయినా యంత్రగర్భాన్ని మూసి ఉంచాలా, తెరచి ఉంచాలా అన్న పాత ప్రశ్న ఈ పీఠం మీద మళ్లీ లేచి కూర్చున్నది. అది అభిరుచికి సంబంధించినది మాత్రమేనా, నీతికి కూడా సంబంధించినదా అన్నది ఆలోచించవలసిన విషయం.

పీఠం నిర్మాణం చెప్పడానికి తేలిక. అడుగున మందమైన ప్లైవుడ్ చెక్క గాని, అల్యూమినియం కోణాలతో బిగించిన చట్రం గాని ఉంటుంది. పై అరలో మదర్‌బోర్డు. ఏటీఎక్స్ కొలతల ప్రకారం అది 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలది. దానిని నేరుగా పలక మీద పరచరు. చిన్న ఇత్తడి కాళ్లపై నిలబెడతారు. లోహపు పలక అయితే బోర్డు వెనుకవైపు టంకపు మొనలు దానికి తగిలి షార్టు కావచ్చు గనుక ఈ జాగ్రత్త. కింది అరలో పవర్ సప్లై, పంపు. పక్కన ఫ్యాన్లు తగిలించిన రేడియేటరు. నీటి తొట్టి మాత్రం పంపు కన్నా ఎత్తున ఉండాలి. లోపల తిరిగే భాగానికి ఆ నీరే కందెన కాబట్టి, నీరు అందక ఒట్టిగా తిరిగిన పంపు త్వరలోనే పాడవుతుంది. ప్రాసెసర్ నెత్తిన సన్నని గాళ్లు కోసిన రాగిదిమ్మె కూర్చుంటుంది. పుట్టిన వేడిని తీసుకొనేది అదే.

గాలి ఉండగా నీరెందుకని అడగవచ్చు. ఒకే ఘనపరిమాణం గల గాలికీ నీటికీ ఒక డిగ్రీ వేడి పెంచాలంటే, నీటికి దాదాపు 3,500 రెట్లు ఎక్కువ శక్తి కావాలి. అంటే కొద్దిపాటి నీరు మోసుకుపోయే వేడిని గాలి మోయాలంటే పెద్ద ప్రవాహమే కావాలి. నిమిషానికి నాలుగు లీటర్ల నీరు పారుతున్న వలయంలో 500 వాట్ల వేడి చేరినా, వలయమంతటా నీటి ఉష్ణోగ్రతలో తేడా రెండు డిగ్రీలకు మించదు. ఏ భాగం ముందుండాలి, ఏది వెనుకుండాలి అని కొత్తవారు పడే తర్జనభర్జనలో చాలావరకు ఈ ఒక్క లెక్కతో తీరిపోతుంది.

అసలు పరీక్ష నీరు పోసిన తరువాత మొదలవుతుంది. మదర్‌బోర్డుకు విద్యుత్తు ఇవ్వకుండా పంపును మాత్రమే తిప్పాలి. అందుకు పవర్ సప్లై నుంచి వచ్చే 24 కాళ్ల జోడింపులో ఆకుపచ్చ తీగ చివరను నల్లతీగ చివరతో ఒక చిన్న తీగముక్క పెట్టి కలుపుతారు. ప్రతి అతుకు కింద తెల్లకాగితం పరుస్తారు. ఇరవై నాలుగు గంటలు అలాగే తిరగనిస్తారు. కాగితం మీద ఒక్క తడి మచ్చ కనబడినా అతుకు విప్పి, వాషరు చూసి, మళ్లీ మొదటి నుంచి. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును అంతగా ప్రసరింపజేయదన్న మాట నిజమే గాని, దానిని నమ్ముకొని ఈ పరీక్షను ఎగవేయడం అవివేకం. రాగి మీదుగా, ఇత్తడి మీదుగా పారేకొద్దీ ఆ నీటిలో లోహపు అయానులు చేరుతాయి. కొన్ని వారాలకు అది మొదటి రోజు నీరు కాదు. రాగిదిమ్మె ఉన్న వలయంలోనే అల్యూమినియం రేడియేటరు పెడితే రెండు లోహాల మధ్య జరిగే చర్య వలన అల్యూమినియం క్రమంగా తినివేయబడుతుంది. చవకగా దొరికిందని ఏదో ఒక రేడియేటరు కొన్నవారికి ఈ సంగతి నెలల తరువాత తెలుస్తుంది.

ఈ ఇరవై నాలుగు గంటల నిరీక్షణలోనే పరీక్షాపీఠానికి ఉన్న నైతిక విలువ కనిపిస్తుంది. కర్మాగారంలో తయారైన వస్తువు విషయంలో చేసేవాడొకడు, పరీక్షించేవాడొకడు, చెడితే నష్టపోయేవాడు మరొకడు. ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. అందుచేతనే హామీపత్రాలు, ముద్రలు, వినియోగదారుల న్యాయస్థానాలు అవసరమైనాయి. ఇంట్లో పీఠం కట్టినవాని విషయంలో ముగ్గురూ ఒక్కడే. అతుకు సరిగా బిగించకపోతే ఆ తప్పును మోపడానికి మరొకరు లేరు. కార్యానికీ ఫలానికీ నడుమ ఇంత తక్కువ దూరం ఉన్న పనులు ఆధునిక జీవితంలో అరుదైపోయినాయి. పొలం దున్నేవానికి, వంట చేసేవారికి ఆ అనుభవం ఇంకా మిగిలి ఉన్నది. కాగితాల మీద సంతకాలు చేసి బతికేవారిలో చాలామందికి లేదు. వారిలో కొందరు సెలవురోజున గొట్టాలూ స్క్రూలూ ముందు వేసుకొని కూర్చోవడంలో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు.

వ్యక్తిగత కంప్యూటరు పుట్టుకలో మూత లేనేలేదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1976లో ఆపిల్ సంస్థ 666 డాలర్ల 66 సెంట్లకు అమ్మిన తొలి యంత్రం ఒట్టి బోర్డే. పెట్టె, కీబోర్డు, తెర, ట్రాన్స్‌ఫార్మరు కొన్నవారే సమకూర్చుకోవలసి వచ్చింది. తయారైనవి సుమారు రెండువందలు. చెక్కపెట్టెలో బిగించిన అటువంటి యంత్రమొకటి అమెరికాలోని స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉన్నది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి, 1984లో, అదే సంస్థ మెకింటోష్‌ను విడుదల చేసింది. దాని పెట్టె విప్పడానికి మామూలు ఇళ్లలో ఉండని పొడవాటి ప్రత్యేకమైన స్క్రూడ్రైవరు కావలసి వచ్చేది. విచిత్రమేమంటే ఆ పెట్టె లోపలి గోడ మీద యంత్రాన్ని రూపొందించినవారి సంతకాలు అచ్చుపోసి ఉన్నాయి. పనివారు తమ పనికి బాధ్యత వహిస్తూ పేరు రాసుకొన్నారు. ఆ పేరు కొన్నవాని కంట పడకుండా మూత వేశారు. గర్వమూ గోప్యమూ ఒకే పెట్టెలో ఇమిడిన ఇటువంటి ఉదాహరణ మరొకటి చూపడం కష్టం.

మూత వేయడం వెనుక దురుద్దేశమే ఉందనడం తొందరపాటు. పెట్టె ఫ్యాన్ల రెక్కల నుంచి వేళ్లను కాపాడుతుంది. ఎర్తింగు సరిగా ఉన్న లోహపు పెట్టె విద్యుదయస్కాంత తరంగాలు బయటకు చిందకుండా అడ్డుపడుతుంది. దుమ్మును కొంత ఆపుతుంది. ఇంకొక మాట: పీఠాన్ని ఎంత తెరచి ఉంచినా, దాని మీద ఒక పెట్టె ఎప్పుడూ మూసే ఉంటుంది. అది పవర్ సప్లై. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును పట్టి ఉంచగలవు గనుక, దాని జోలికి పోవద్దని తెలిసినవారు ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తారు. కాబట్టి తెరచి ఉంచడమే సుగుణం, మూయడమే దోషం అన్న విభజన నిలవదు. ప్రాణం కాపాడే మూత ఒకటి, విక్రయదారుని ఆధిపత్యం కాపాడే మూత మరొకటి. రెండింటి మీదా ఒకే రకం స్క్రూలు ఉండవచ్చు. వాటిని వేరుచేసి చూడడానికి ఒక ప్రశ్న చాలు: ఈ మూత తీయవద్దనడానికి చెప్పే కారణాన్ని, మూత తీయగోరినవానికి పూర్తిగా వివరించగలరా? పవర్ సప్లై విషయంలో వివరించగలరు. విన్నవాడు ఒప్పుకొని చేయి వెనక్కు తీసుకుంటాడు. ఫోనులో బ్యాటరీని జిగురుతో అతికించడానికీ, విడిభాగం మార్చగానే యంత్రం పనిచేయడం మానడానికీ చెప్పే కారణాలు అంత తేలికగా ఒప్పించవు. భోజుని కారణం ఈ రెండింటికీ నడుమ ఎక్కడో పడుతుంది. కూర్పు తెలిస్తే ఫలం పోతుందన్న మాటలో చూపరుల విస్మయాన్ని నిలుపుకోవాలన్న కోరికా ఉండవచ్చు, నేర్చినవారి బతుకుతెరువు కాపాడాలన్న దయా ఉండవచ్చు.

ఫ్రెంచి తత్త్వవేత్త జిల్బేర్ సిమోందాన్ 1958లో సాంకేతిక వస్తువుల అస్తిత్వాన్ని గురించి వెలువరించిన గ్రంథంలో, ఆధునిక సంస్కృతి యంత్రాన్ని రెండు పరస్పరవిరుద్ధమైన దృష్టులతో చూస్తున్నదన్నాడు. ఒకవైపు దానిని ఉపయోగం తప్ప అర్థం లేని పదార్థపు ముద్దగా భావిస్తుంది. మరోవైపు మనిషి మీద కత్తికట్టిన ప్రాణిగా భయపడుతుంది. రెండింటికీ మూలం లోపలేముందో తెలియకపోవడమే. మూసిన పెట్టె ఈ రెండు భావాలనూ పెంచి పోషిస్తుందనడంలో సందేహం లేదు. పనిచేసినంతకాలం దాని ఉనికే గుర్తుండదు. ఆగిపోయిన రోజున దానికి దయ్యం పట్టినట్లుంటుంది.

భారతదేశానికి ఈ చర్చ కొత్తది కాదు. 1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ధర 150 రూపాయలు మించరాదు; సరిగా చూసుకుంటే ఇరవై సంవత్సరాలు నడవాలి; ఏటా మరమ్మతు ఖర్చు వెలలో ఐదు శాతం దాటరాదు అన్నవి షరతులలో కొన్ని. బహుమతి ఎవరికీ దక్కలేదు. అయినా ఆ షరతులు నేటికీ చదవదగినవి. యంత్రం ఎంత వేగంగా నూలు తీస్తుందన్నదానితోపాటు, చెడిన రోజున పల్లెలోని మనిషి దానిని ఏం చేయగలడన్నది కూడా దాని గుణంలో భాగమేనని అవి నిర్ణయించినాయి. ఈనాటి ప్రకటనలలో కంప్యూటరు వేగం, జ్ఞాపకశక్తి అంకెలలో ఉంటాయి. మరమ్మతు సంగతి అంకెల్లోకి దించాలన్న ప్రయత్నం ఫ్రాన్సులో 2021లో మరమ్మతు సూచికతో మొదలైంది. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను దాని పరిధిలో ఉంచింది. ఆ సంవత్సరాంతానికి అందుకు సంబంధించిన సమాచార వేదిక కూడా ఏర్పడింది.

ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచీ వీధి, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల మరమ్మతుదారుల బల్లలను చూసినవారికి మూత లేని కంప్యూటరు వింతగా తోచదు. అక్కడ మదర్‌బోర్డు అట్టపెట్టె మీదనో రబ్బరు చాప మీదనో పడి ఉంటుంది. పక్కన టంకపు కడ్డీ, మల్టీమీటరు, అరచేతిలో స్క్రూలు. ఔత్సాహికుడు మెరుగుపెట్టిన యాక్రిలిక్ పలకలతో, రంగునీటితో కట్టుకున్న పీఠానికి ఇదే పేదింటి అన్న. తేడా ఎక్కడంటే, ఒకడు ఇష్టపడి తెరుస్తాడు, ఒకడు గత్యంతరం లేక తెరుస్తాడు. ఆ రెండవవానికే సర్క్యూటు పటం అందదు, అసలు విడిభాగం అందదు. తెరచి ఉంచడాన్ని ఒక కళగా మెచ్చుకొనే సమాజం, తెరవగలిగినవాని జీవనోపాధిని మూతల కింద కప్పివేయడం సంగతి పట్టించుకోకపోతే ఆ మెప్పుకు విలువ తక్కువ.

స్వయంగా చేసుకున్నది అన్న మాటను కూడా కొంచెం తరచి చూడాలి. 1980ల చివర భారతదేశం అమెరికా నుంచి పెద్ద సూపర్ కంప్యూటరును కోరినప్పుడు, అంతకన్నా తక్కువ శక్తిగల క్రే ఎక్స్-ఎంపి యంత్రాన్ని, అదీ వాతావరణ అంచనాల కోసమన్న షరతు మీద, ఇచ్చారు. అది ఒక దేశానికి వేసిన మూత. 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థ విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991 నాటికి పరం 8000ను సిద్ధం చేసింది. దానిలోని ట్రాన్స్‌ప్యూటర్ చిప్పులు బ్రిటనులోని ఇన్మోస్ సంస్థవి. అంతమాత్రాన అది స్వదేశీ నిర్మాణం కాకుండా పోలేదు. ఎందుకంటే వేర్వేరు ప్రాసెసర్లను ఒకే పనికి కూడగట్టడమెలాగన్న జ్ఞానం ఇక్కడి చేతులలోకి వచ్చింది. ఇంటి పీఠం విషయంలోనూ అంతే. ప్రాసెసర్ ఎక్కడో తయారైంది, రాగిదిమ్మె ఇంకెక్కడో. చేసినవానిది కూర్పు. భోజుడు దాచిపెట్టినదీ సరిగ్గా దానినే.

అయితే ఇక్కడే ఒక అసౌకర్యమైన సత్యం ఉన్నది. నీటి ప్రవాహాన్ని కళ్లారా చూస్తున్నవాడు యంత్రాన్ని చూస్తున్నాననుకుంటాడు. నిజానికి లెక్కలన్నీ జరిగేది రాగిదిమ్మె కింద, వేళ్లతో మూయదగినంత చోటులో. అక్కడ వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా ఏ కంటికీ కనబడదు. వాటి అమరిక తయారీదారుల రహస్యం. దానిని నడిపే సూక్ష్మాదేశాలూ అంతే. పీఠం మీద తెరచి ఉన్నది వేడిని మోసే దారి మాత్రమే, ఆలోచించే భాగం కాదు. గడియారం వెనుక అద్దం బిగించి పళ్లచక్రాలను చూపినప్పుడు చూసేవాడు కాలగణన ఎలా జరుగుతుందో నిజంగా నేర్చుకొనగలడు. ఇక్కడ అటువంటి అవకాశం లేదు. కనబడడం వేరు, తెలియడం వేరు. అద్దాల పీఠం ఈ భేదాన్ని కప్పిపుచ్చే ప్రమాదమున్నది. రంగుదీపాల వెలుగులో గులాబీ ద్రవం పారుతుంటే చూసి మురిసేవారిలో ఎందరు బయాస్ పలకను ఒక్కసారైనా చదివి అర్థం చేసుకొన్నారన్నది అనుమానమే. ఇక ద్రవనత్రజని పోసి కొన్ని నిమిషాలపాటు రికార్డు వేగం సాధించే పోటీల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అవి మల్లయుద్ధాల వంటివి, చూడడానికి బాగుంటాయి.

మరి మూత తీసినందువల్ల దక్కేదేమిటి? వేడిని గురించి ఒక నిజం దక్కుతుంది. నీటి వలయం వేడిని నాశనం చేయదు, చోటు మారుస్తుంది. ప్రాసెసర్ నుంచి నీటిలోకి, నీటి నుంచి రేడియేటరు రెక్కలలోకి, అక్కడ నుంచి గదిలోకి. రేడియేటరు ఎంత పెద్దదైనా నీటిని గది ఉష్ణోగ్రతకు దిగువకు తేలేదు. మే నెలలో రెంటచింతలలో ఈ పీఠం పెట్టినవానికి ఈ విషయం ఎవరూ బోధించనక్కరలేదు. గది వేడెక్కితే ఎయిర్ కండిషనరు ఆ వేడిని తీసి వీధిలోకి తోస్తుంది; వీధిలో తోపుడుబండి దగ్గర నిలబడ్డ మనిషి దానిని అనుభవిస్తాడు. మూసిన పెట్టెలో ఈ గొలుసు మొదటి కొసే కనబడదు. పీఠం మీద చేయి పెడితే తెలుస్తుంది: ప్రవేశించే గొట్టం, బయటికి వచ్చే గొట్టం, వెచ్చని గాలి. 1985లో వచ్చిన క్రే-2 యంత్రంలో సర్క్యూట్లన్నింటినీ విద్యుత్తు ప్రసరించని ద్రవంలో ముంచి, ఆ ద్రవం చల్లబడే భాగాన్ని పారదర్శకంగా నిర్మించారు. నేడు కృత్రిమ మేధకు ఆధారమైన మహాగణన కేంద్రాలలో కూడా ద్రవాలతో చల్లబరచడం పెరుగుతున్నది. వాటిలో కొన్ని నీటిని ఆవిరిగా వదులుతాయి. ఆ నీరు ఏ ఊరి బోరులోది, ఏ చెరువులోది అన్న ప్రశ్న కంప్యూటరు తెర ముందు కూర్చున్నవానికి తట్టదు. ఇంటి పీఠం మీద అర లీటరు నీటిని కొలిచి పోసినవానికి తట్టే అవకాశం కొంత ఎక్కువ. ఇది ఆశే తప్ప నియమం కాదు.

ఇంకొక పక్షం మిగిలి ఉన్నది. చేసేవాడు, పరీక్షించేవాడు, నష్టపోయేవాడు ఒక్కడే అన్న మాట అతడు ఒంటరిగా బతుకుతున్నప్పుడే పూర్తిగా నిజం. ఇంట్లో పాకే బిడ్డ ఉండవచ్చు, బల్లలెక్కే పిల్లి ఉండవచ్చు, సాయంత్రం గది ఊడ్చడానికి వచ్చే పనిమనిషి ఉండవచ్చు. ఈ ప్రయోగానికి వారిలో ఎవరూ అంగీకరించలేదు. తిరుగుతున్న ఫ్యాను, విద్యుత్తు పక్కన నీరు మాత్రం వారికి చేరువలోనే ఉంటాయి. స్వేచ్ఛగా ప్రమాదాన్ని ఎంచుకొన్నవాని గొప్పతనం, ఎంచుకోనివారు పక్కన ఉన్న క్షణంలో చాలావరకు కరిగిపోతుంది. పెట్టెను మర్యాద అనవలసింది ఈ అర్థంలో. పీఠం కట్టేవారిలో ఆలోచనాపరులు ఎత్తైన బల్ల, చుట్టూ వలకంచె, చేతికందే స్విచ్చు ఏర్పాటు చేసుకొంటారు. మిగిలినవారు చెక్కను నేల మీదనే పెడతారు.

సంవత్సరానికొకసారి ఆ ద్రవాన్ని మార్చవలసి ఉంటుంది. వలయం ఖాళీ చేసినప్పుడు వచ్చేది పోసిన నీరు కాదు. నాచు పట్టకుండా కలిపిన మందు, కరిగిన రాగి, రంగు, కొన్నింటిలో ఇథిలీన్ గ్లైకాల్ అందులో ఉంటాయి. ఈ చివరిది విషం. రుచికి తియ్యగా ఉండటంతో జంతువులు నాకుతాయి. రాగి కలిసిన నీరు చేపలకు చేటు. అర లీటరే కదా అని పెరటి కాలువలో పోస్తే ఎవరి కంటా పడదు. కొందరు పాత సీసాలలో నింపి, మీద పేరూ తేదీ రాసి, పిల్లలకందని అటక మీద పెడుతున్నారు. అటక నిండిన తరువాత సీసాలు ఎక్కడికి పోవాలన్నది ఇంకా తేలలేదు.